నాకంటే సీనియర్ సర్ రాసిన పాఠం మార్చమని ఎలా చెప్పాలి?

ప్రశ్న: అనంత టీచర్

అందరికీ నమస్తే. అనంతపురం పక్కన ఒక ట్రస్టు స్కూల్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. 3, 4, 5 తరగతుల పరిసరాల విజ్ఞానంలో టెక్స్ట్‌బుక్‌కి తోడుగా మా ఊరి విషయాలతో పాఠాలు తయారుచేసే బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. ఆరుగురం టీచర్లం. సాయంత్రం బెల్లు కొట్టాక కూర్చుంటాం. అయిదున్నరకు వ్యాన్ వెళ్లిపోతుంది, ఈలోపు ఎంతయితే అంత.

రాయడానికి అందరూ ముందుకొచ్చారు, తీసేయడానికే ఎవరికీ చేతులు రావడం లేదు. నాలుగో తరగతికి 14 పాఠాలతో మొదలుపెడితే ఇప్పుడు 23 అయ్యాయి. నాకూ అంతే, వేరుశనగ పాఠం నేనే రాశాను.

అసలు ఇబ్బంది నీరు పాఠం దగ్గర వచ్చింది. అది రాసిన సర్‌ది 26 ఏళ్ల సర్వీసు. నేను కొత్తగా చేరినప్పుడు బోర్డు మీద ఎలా రాయాలో నేర్పింది ఆయనే. నదులు, చెరువులు, బావులు అని వరుసగా, శుభ్రంగా రాసిచ్చారు. ట్రయల్‌గా క్లాసులో చెప్పాను. ఒక పాప లేచి, "టీచర్, మాకు నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి. అది ఇందులో ఎక్కడుంది?" అంది. ఇంకో ముగ్గురు "మాకూ ట్యాంకరే" అన్నారు. ఒక బాబయితే పైపు పట్టుకుని డ్రమ్ములో ఎలా పెడతారో చేతులతో చేసి చూపించాడు. వాళ్లలో ఒక్కరూ బావిని నీళ్లతో చూడలేదు.

మీటింగ్‌లో ఈ సంగతి చెప్పాను. సర్ కాగితాలు సర్దుకుని, "అయితే మీరే రాసుకోండి" అని లేచి వెళ్లిపోయారు. ఎప్పుడూ "నువ్వు" అనే మనిషి "మీరు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి టీమ్‌లో చిన్నవాళ్లిద్దరూ నోరు విప్పడం లేదు. ఏం చేయమంటారు?

కడప హెచ్ఎం:
అమ్మా, మీరు చెప్పింది సరైనదే. నలుగురిలో చెప్పారు, అక్కడే వచ్చింది. ఇంటికెళ్లి మాట్లాడండి. పాఠం గురించి ఒక్క ముక్క ఎత్తొద్దు, ఆ క్లాసు ఒకసారి తీసుకోమని మాత్రం అడగండి. ఆ పాప ప్రశ్న ఆయన తన చెవులతో వినాలి.

నల్గొండ మేడమ్:
పాఠాలు తగ్గించే విషయం చెప్తాను. ఎవరి పాఠం బాగుంది అని మొదలుపెడితే గొడవే. పీరియడ్లు లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. మాకు రోజుకొక పీరియడ్. పరీక్షలు, రివిజన్, ఆటల పోటీలు, వార్షికోత్సవం ప్రాక్టీసులు పోగా 140 మిగిలాయి. పాఠానికి 8 పీరియడ్లు వేసుకుంటే 17 పాఠాలే పడతాయి. ఆ లెక్క చార్టు మీద రాసి గోడకు అంటించాం. మా వాళ్లే వచ్చి పాఠాలు కలిపేశారు.

ఇంకోటి, ఏ పాఠం ఏ విద్యాప్రమాణం, అంటే పిల్లలకు రావాల్సిన ఏ సామర్థ్యం కిందకు వస్తుందో గళ్లు గీసి చూడండి. మావన్నీ విషయావగాహన గడిలోనే పడ్డాయి. ప్రశ్నించడం, క్షేత్ర పరిశీలన గళ్లు ఖాళీ.

కొత్త టీచర్:
ఆ చిన్నవాళ్ల గురించి, మేడమ్. మాకు అభిప్రాయం లేక కాదు. మీటింగ్‌లో సీనియర్‌ని కాదంటే మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఆయన పక్కనే కూర్చోవాలి. మా కోఆర్డినేటర్ ముందురోజే చీటీల మీద రాయించుకుని, పేర్లు లేకుండా చదువుతారు. నేను మొదటిసారి చెప్పగలిగింది అలాగే.

అనంత టీచర్:
హెచ్ఎం గారూ, మీరు చెప్పినట్టే సర్ ఇంటికి వెళ్లాను. సోమవారం ఆయన క్లాసు తీసుకున్నారు. తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు బయట ట్యాంకర్ దగ్గరికి వెళ్లారు. డ్రైవర్‌ని ఎక్కడ నింపుతారని అడిగితే, ఒక తోటలోని బోరు దగ్గర అన్నాడట. "ఆ బోరు ఎండిపోతే?" అని పాప అడిగిందట. నిన్న కొత్త కాగితం ఇచ్చారు. మొదటి వాక్యం: "మన వీధికి ట్యాంకర్ వచ్చింది." నన్ను ఇంకా "మీరు" అనే పిలుస్తున్నారు.

పీరియడ్ల చార్టు ఈరోజే అంటించాను. వేరుశనగ పాఠాన్ని నేలల పాఠంలో కలిపేశాను. మిగతావాటి గురించి శనివారం కూర్చుంటున్నాం, చీటీలు శుక్రవారమే తీసుకుంటాను.