‘ఆరెంజ్’ అనే మాటలో నకారం ఎక్కడ పోయింది?

బల్లార్షా ఉపాధ్యాయురాలు:
అందరికీ నమస్కారం. మా తరగతిలో తెలుగు, మరాఠీ ఇళ్ళ పిల్లలు కలిసి చదువుకుంటారు. మొన్న ఇంగ్లీషు పాఠం చెబుతూ, ‘ఆరెంజ్’ మన ‘నారింజ’ నుంచే వెళ్ళిందనీ, ఇంగ్లీషువారి నోట ‘ఎ నారెంజ్’ కాలక్రమాన ‘ఏన్ ఆరెంజ్’గా మారి నకారం ముందు మాటలో కలిసిపోయిందనీ వివరించాను. ఇంటికి వచ్చాక అనుమానం పట్టుకుంది. ఇది నిజంగా తెలుగు మాటేనా? నకారం పోయింది ఇంగ్లండులోనేనా? తప్పు చెప్పి ఉంటే పిల్లల నోటు పుస్తకాల్లో దిద్దించాలి.

రాజురా నుంచి:
అమ్మా, మీరు చెప్పిన సూత్రం నిజమైనదే. ‘ఎ నాప్రన్’ ‘ఏన్ ఏప్రన్’ అయింది. పాముకు పేరైన ‘నాడర్’ కూడా అలాగే ‘ఆడర్’ అయింది. కానీ ఆరెంజ్ కథ వేరు. సుమారు 1400 నాటికి ఇంగ్లీషు రాతల్లో ఈ పండు పేరు కనబడేసరికే అందులో నకారం లేదు. సంస్కృత నారంగం పారసీకంలో ‘నారంగ్’, అరబ్బీలో ‘నారంజ్’ అయి, అరబ్బుల చేతుల మీదుగా చేదు నారింజ చెట్టుతోపాటే మధ్యధరా తీరాలకు చేరింది. స్పానిష్‌లో ఆ నకారం నేటికీ నిలిచి ఉంది. పోర్చుగీసులో లకారమై ‘లరాంజ’ అయింది. ఇటలీలో ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఊనా’ చివరి నకారంలో పండు పేరులోని నకారం కలిసిపోయి ‘అరాంచా’ మిగిలింది. ఇంగ్లీషుకు ఈ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఫ్రెంచిలో బంగారాన్ని ‘ఓర్’ అంటారు కనుక, పండు రంగును బట్టి మొదటి అచ్చు ఒకారమైందని పండితులు భావిస్తారు. ఫ్రాన్సులోని ఆరెంజ్ పట్టణం పేరు మాత్రం రోమన్ల నాటి ‘అరౌసియో’ నుంచి వచ్చింది; ఆ రెండింటి పుట్టుకా వేరు.

సిరొంచ నుంచి:
మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. సంస్కృత నారంగానికి మూలం ద్రావిడమే అన్న అభిప్రాయం బలమైనది: తమిళ ‘నారత్తై’, మలయాళ ‘నారకం’, మన ‘నారదబ్బ’ పక్కపక్కన పెట్టి చూడండి. అయితే అది ప్రత్యేకించి తెలుగు నుంచే వెళ్ళిందనడానికి ఆధారం లేదు. మన భాష మీద నాకూ మమకారమే గాని, పిల్లలకు ‘దక్షిణాది భాషల నుంచి’ అని చెప్పడమే న్యాయం.

మరొక సంగతి కూడా వారికి చెప్పండి. మన బజార్లలో నాగపూర్ పండును అందరూ సంత్రా అనే అడుగుతారు, కానీ రంగు దగ్గరకు వచ్చేసరికి మరాఠీవారు ‘నారింగీ’ అంటారు. పండు వదులుకున్న పేరును రంగు దాచుకుంది. ఇంగ్లీషులో పండు పేరు రంగుకు వచ్చింది 16వ శతాబ్దంలోనే. అంతకుముందు ఆ రంగును ‘పసుపు ఎరుపు’ అనేవారు. అందుకే నారింజ రంగు రొమ్ము ఉన్న రాబిన్ పిట్టను వారు నేటికీ ఎర్రరొమ్ము పిట్ట అంటారు. ఇరాన్‌లో ‘నారెంజ్’ చేదు పండుకే మిగిలింది. తీపి పండును పోర్చుగీసు వర్తకుల కారణంగా ‘పోర్తెగాల్’ అంటారు.

బల్లార్షా ఉపాధ్యాయురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘తెలుగు’ కొట్టివేసి ‘ద్రావిడం’ అని రాయిస్తాను. ‘ఎ నారెంజ్’ ఉన్న చోట ‘ఎ నాప్రన్’ పెట్టిస్తే సూత్రం అలాగే నిలుస్తుంది.