పక్షి కనిపించిన చోట్లే కొలిచాను, సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారం అండి. అంతరించిపోయే దశలో ఉన్న, నేల మీదే తిరిగే ఒక పక్షి ఎలాంటి చోటు ఎంచుకుంటుందో తెలుసుకోవాలని పని మొదలుపెట్టాను. రెండు నెలల్లో 40 చోట్ల కనిపించింది. ప్రతి చోటా 10 మీటర్ల వ్యాసార్థంలో పొదలు లెక్కపెట్టి, ఎత్తు కొలిచి, గడ్డి ఎంత, ఉత్త నేల ఎంత అని రాసుకున్నాను. దాదాపు అన్నీ పలచటి పొదలే. "ఈ పక్షి పలచటి పొదలను ఎంచుకుంటుంది" అని రాసేయవచ్చా? రిపోర్టు గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఇప్పుడే రాయకండి. అక్కడ ఉన్నదంతా పలచటి పొదలే అయితే, పక్షి ఏమీ ఎంచుకోకుండా ఎటు పోయినా అందులోనే కనిపిస్తుంది కదా. ఎంపిక అని చెప్పాలంటే దానికి అందుబాటులో ఏముంది, అందులో ఏది వాడుకుంది అన్న రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మ్యాపు మీద ర్యాండమ్‌గా పాయింట్లు తీసి, అక్కడికి వెళ్లి అవే కొలతలు తీసుకోండి. అదే సీజన్‌లో తీసుకోవాలి. ఒక్క వాన పడితే ఉత్త నేల కాస్తా పచ్చగడ్డి అయిపోతుంది.

ఇంకో సంగతి. మీరు తిరిగింది కాలిబాటల వెంటే అయితే ఆ 40 చోట్లూ బాటల పక్కనే ఉంటాయి. దట్టమైన పొదల్లో పక్షి ఉన్నా మీ కంట పడదు. ఆ 40 సార్లూ కనిపించినవి రెండు మూడు పక్షులే కావచ్చు కూడా. అప్పుడు అవి 40 వేర్వేరు సాక్ష్యాలు కావు.

ప్రశ్న వేసినవారు:
బాటల వెంటే తిరిగానండి, నిజమే. మరి ర్యాండమ్ పాయింట్ దగ్గర పక్షి కనిపించకపోతే "లేదు" అని రాసుకోవాలా?

మరొకరి జవాబు:
"కనిపించలేదు" అని రాసుకోండి, "లేదు" అని కాదు. లెక్క చూడండి: పక్షి ఉన్న చోట ఒక్కసారి చూస్తే దాని ఆనవాలు దొరికే అవకాశం 30 శాతం అనుకుందాం. ఐదుసార్లు చూసినా దొరక్కపోయే అవకాశం ఇంకా 17 శాతం దాకా ఉంటుంది. అందుకే ఒకే పాయింట్‌ను పలుమార్లు చూడాలి. ఏసారి దొరికింది, ఏసారి దొరకలేదు అన్నది విడివిడిగా నోట్ చేయాలి.

మన కలివికోడి మీద జరిగిన పని మీకు బాగా పనికొస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన పక్షి అది. రాత్రిపూట తిరుగుతుంది, మనిషి అలికిడికి దొరకదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, దాని మీద పడ్డ కాలిముద్రలు చూసుకున్నారు. పొద్దున్నే ఏటవాలు ఎండలో వంగి చూస్తే ముద్ర అంచులు స్పష్టంగా తెలుస్తాయి. ఎండ నడినెత్తికి వస్తే అదే ముద్ర చదునుగా కనిపిస్తుంది. తీతువులాంటి పిట్టల ముద్రలతో పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కెమెరా ట్రాప్ (కదలిక తగలగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా) కూడా ఉంటే ముద్ర ఎవరిదో రుజువవుతుంది.

వాళ్లకు తేలిందేమిటంటే, రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న చోటే ఆ పక్షి ఉండే అవకాశం ఎక్కువ. అంటే పొదలు మరీ చిక్కబడినా కష్టమే, నరికి బోసి చేసినా కష్టమే. "పలచటి పొదలు" అన్న మాట నాకు అందుకే చాలదనిపిస్తుంది. పెద్ద పొదలు, చిన్న పొదలు విడిగా లెక్కపెట్టండి. విశ్లేషణలో సరళరేఖ ఒక్కటే కాకుండా మధ్యలో పెరిగి మళ్లీ తగ్గే వంపు కూడా పెట్టి చూడండి.

దయచేసి గూళ్లు వెతుకుతూ పొదలు కదపకండి. రికార్డు చేసిన కూత పదేపదే వినిపించకండి. జీపీఎస్ పాయింట్లు ఉన్న మ్యాపును ఇక్కడ కూడా పెట్టకండి.

ప్రశ్న వేసినవారు:
అర్థమైందండి. గడువు పెంచమని అడుగుతాను. రేపు ముందు ర్యాండమ్ పాయింట్లు తీసి, బాటకు దూరంగా ఉన్నవాటితో మొదలుపెడతాను.