కొత్తగా బ్రెజిల్ వచ్చారా? ‘ఓ రెయ్ దో గాదో’ చూసేముందు

ప్రశ్న (సావో పాలో): ఆఫీసులో అందరూ ఈ పాత సీరియల్ చూడమంటున్నారు. నా పోర్చుగీస్ అంతంతమాత్రం. ఎలా మొదలుపెట్టాలండీ?

జవాబు (కాంపినాస్): ముందు పేరు పలకడం నేర్చుకోండమ్మా. రాసేది అలాగే గానీ పలికేది ‘ఊ హెయ్ దు గాదు’. మాట మొదట్లో ‘ర’ ఇక్కడ ‘హ’ అవుతుంది. పశువుల రాజు అని అర్థం. 1996 జూన్ నుంచి 1997 ఫిబ్రవరి దాకా గ్లోబో టీవీలో వచ్చింది, 209 భాగాలు. తొలి భాగాలు దాటేయకండి. 1940ల కాఫీ తోటల్లో మెజెంగా, బెర్దినాజి అనే రెండు ఇటాలియన్ కుటుంబాల గట్టు తగాదా అక్కడే మొదలవుతుంది. ఇటాలియన్ కలిసిన మాటలు గనక సగం అర్థం కావు, కంగారుపడొద్దు. ఇంకో తికమక ఉంది: అంతోనియో ఫగుందిస్ అనే నటుడే మొదట తాత వేషం, తర్వాత మనవడు బ్రూనో వేషం వేశాడు. ఇద్దరూ ఒకడే అనుకుంటే చుట్టరికాలన్నీ తారుమారవుతాయి.

జవాబు (రిబెరావ్ ప్రెతో): కొలతలు తెలియకపోతే తగాదా ఎంత పెద్దదో అంతుపట్టదు. ‘అల్కేరి’ సావో పాలోలో 2.42 హెక్టార్లు, అంటే మన 6 ఎకరాలు. మినాస్ రాష్ట్రంలో దానికి రెట్టింపు. ‘అరోబా’ 15 కిలోలు. ఎద్దు ధర అరోబాల్లోనే చెబుతారు, అదీ తోలు, తల, పేగులు తీసేశాక తూగే బరువుకి.
సీరియల్ నాయిక లువానా చెరకు కోత కూలీ, ‘బోయా ఫ్రియా’. అంటే చల్లటి కూడు. తెల్లారకముందు వండి డబ్బాలో పెట్టుకెళ్ళింది చేలో చల్లారిపోయాక తింటారు గనక మనుషులకే ఆ పేరొచ్చింది.

జవాబు (బెలో హొరిజోంతె): అన్నిటికంటే ముఖ్యం భూమి మాటలు. ‘అకంపమెంతో’ అంటే భూమిలేనివాళ్ళు భూమి కోసం నల్ల ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో కాచుక్కూర్చోవడం. ‘అసెంతమెంతో’ అంటే సర్కారు భూమి ఇచ్చి కుదిర్చిన ఊరు. అలా ఇచ్చింది పదేళ్ళదాకా అమ్మకూడదని 1988 రాజ్యాంగం 189వ అధికరణం. మన అసైన్డ్ భూములు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే బోధపడుతుంది. పడావు పెట్టిన పెద్ద కమతాన్ని తీసుకోవచ్చని 184, సాగులో ఉన్నదాన్ని ముట్టుకోవద్దని 185. సీరియల్‌లో వాదనంతా ఈ రెంటి మధ్యే.
భూమిలేనివాళ్ళు చేలో దిగడాన్ని వాళ్ళ పక్షంవాళ్ళు ‘ఒకుపసావ్’ (స్వాధీనం చేసుకోవడం) అంటారు, భూస్వాముల పక్షం ‘ఇన్వజావ్’ (దండెత్తి రావడం) అంటుంది. ఆఫీసులో ఏది వాడినా మీరెటువైపో చెప్పినట్టే. 1996 ఏప్రిల్ 17న ఎల్దొరాదో దోస్ కరజాస్ అనే చోట పోలీసుల చేతిలో 19 మంది భూమిలేనివాళ్ళు పోయారు. రెండు నెలలకే ఈ సీరియల్ మొదలైంది.
‘మేం వెళ్తాం’ అనడానికి పల్లె మాట ‘నోయిస్ వాయ్’ వింటారు, వ్యాకరణం ఒప్పుకోదు గనక మెయిల్లో రాయకండి. సెనేటర్ కషియస్ ఖాళీ సభలో మాట్లాడే ఘట్టం మాత్రం రెండుసార్లు వినండి, అది సభలో నడిచే పోర్చుగీస్.