టీవీలో క్యాసెట్టు బొమ్మ: "గీతలు" అంటే ఏ గీతలు?

నల్లగొండ సభ్యుడు: పాత పెండ్లి క్యాసెట్లను ఫైలు చేయించి పెద్ద ఎల్‌ఈడీ టీవీలో పెడితే, కదిలే మనుషుల అంచుల్లో సన్నటి అడ్డగీతలు లేస్తున్నయి. ఇంగ్లిష్‌లో కూంబింగ్ అంటరు. మన స్టూడియోలల్ల దీనికి మాటేదన్నా ఉందా? "గీతలొస్తున్నయి" అనుడే విన్న.

మిర్యాలగూడ సభ్యుడు: చిక్కంతా ఆ మాటతోనే అన్నా. గీతలంటే బాగుచేసేటాయనకు క్యాసెట్టు అరిగిందనే తోస్తది, పోయి టేపును చదివే హెడ్డు తుడుస్తడు. ఇది టేపు లోపం కాదు. పాల్ (మన దేశపు పాత టీవీ పద్ధతి) కెమెరా సెకనుకు 50 సగం బొమ్మలు తీస్తది, ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. డబ్బా టీవీ వాటిని వచ్చిన వరుసలోనే చూపేది. ఫైలు చేసేటప్పుడు రెండు సగాలను ఒక్క బొమ్మగా అతికించేస్తే, సెకనులో యాభయ్యో వంతు తేడా బయటపడుతది. అక్షింతలు వేసే చెయ్యి ఆలోపే జరిగింది గదా, దాని అంచు దువ్వెన పండ్ల లెక్క కనవడ్తది. వెనక మండపం స్తంభం మాత్రం నున్నగుంటది. "దువ్వెన గీతలు" అనుండ్రి, చాలు. కంప్యూటర్ల వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తూ డి మీట నొక్కుండ్రి, గీతలు పోతే ఇదే జబ్బు. డీఇంటర్లేస్ చేసి, అంటే ఒక్కో సగాన్ని నిండు బొమ్మగా మార్చి, సెకనుకు 50 బొమ్మలతో ఫైలు మళ్ళీ తీయించుకోవాలె. 25కు కుదిస్తే నడక కుంటుతది.

వనపర్తి సభ్యుడు: గీతలు లేకుండా బొమ్మ ముందుకీ వెనక్కీ వణికితే అది వేరు. సగాల వరుస తారుమారైంది. మినీడీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్టు) కెమెరాలో కింది సగం ముందు, ఏవీసీహెచ్‌డీ (తర్వాతొచ్చిన హెచ్‌డీ కెమెరాల ఫైలు పద్ధతి)లో పై సగం ముందు. ఎడిటింగ్‌లో ఆ సెట్టింగ్ తప్పితే ఇట్లనే అయితది. "గుంజుడు" అనొచ్చు. ఈ సగాన్నే ఇంగ్లిష్‌లో ఫీల్డ్ అంటరు, దాన్ని "అర్ధచిత్రం" అని రాసినోళ్ళున్నరేమో గానీ, స్టూడియోల ఆ మాటంటే నవ్వుతరు. "సగం బొమ్మ" నయం.

గద్వాల సభ్యుడు: సన్న గళ్ళ చీర మీద లేని రంగులు పారడం కూడా కలుపుకోండి. పసుపు పిన్ను తీగలో వెలుగూ రంగూ కలిసే వస్తాయి. సన్నటి నేతను టీవీ రంగు సంకేతమని పొరబడుతుంది. హై8 (పాత చిన్న క్యాసెట్టు) కెమెరా అయితే, వెలుగునూ రంగునూ విడిగా పంపే ఎస్‌-వీడియో తీగ వాడితే చాలావరకు తగ్గుతుంది. దీనికి పేరు వెతకనక్కర్లేదు, "చీర మీద సింగిడి" (ఇంద్రధనుస్సు) అంటే మా దగ్గర ఎవరికైనా తెలుస్తుంది.

మిర్యాలగూడ సభ్యుడు: సింగిడి ఖాయం!

భువనగిరి సభ్యుడు: వీహెచ్‌ఎస్‌ (పాత పెద్ద క్యాసెట్టు)కు బొమ్మ అడుగున చిరిగినట్టు ఒక పట్టీ ఊగుతుంటది, దాన్నీ గీతలే అంటున్నరు. హెడ్లు మారే చోటు అది. డబ్బా టీవీ అంచు కింద దాగి ఉండేది, ఇప్పుడు బయటపడ్డది. "అడుగు పట్టీ" అని, దాని మీద నల్లరంగు కప్పుండ్రి. కోసి నిలువుగా సాగదీస్తే బేసి, సరి గీతలు కలిసి దువ్వెన ఇంకా ముదురుతది.

నల్లగొండ సభ్యుడు: మరి మినీడీవీలో పట్టీలు పట్టీలుగా గళ్ళు పగిలితే?

భువనగిరి సభ్యుడు: రెండు హెడ్లల్ల ఒకటి మూసుకపోయినట్టు. "గళ్ళు పడ్డది" అనే అంటరు, మార్చకండి. క్లీనింగ్ క్యాసెట్టు పది సెకన్లు ఆడించి తీసేయండి, రివైండ్ చేయొద్దు.