గని బెల్టు ముక్క ప్యానెల్ ముందు వేస్తే మీటర్ రీడింగ్ చూపిస్తున్నది, రబ్బరే కదా?

రాజురా_వైండర్: అన్నలూ ఒక డౌటు. రాజురా దిక్కు జిన్నింగ్ మిల్లుల మెయింటెనెన్స్ చూస్తా. ఎల్‌టీ ప్యానెల్ (415 వోల్టుల కరెంటు బోర్డు) ముందట షాక్ కొట్టకుండ పరిచే రబ్బరు మ్యాట్ చినిగితే సేటు కొత్తది కొనకుండ స్క్రాప్ దుకాణం నుంచి బొగ్గు గని కన్వేయర్ బెల్టు ముక్క తెచ్చి పరిచిండు, వేలెడు మందం ఉంది ఇంకేం కావాలె అంటడు. ఊకెనే మల్టీమీటర్ పెట్టి చూసిన, ప్రోబులు జానెడు దూరంల గుచ్చితే 40 కిలో ఓములు, కొస పట్టి వంచితే 60 దాటుతున్నది, వదిలేసినంక కూడా వెంటనే దిగుతలేదు. మీటర్ ఖరాబైందా?

నల్లపొడి: మీటర్ మంచిగనే ఉంది తమ్మీ. ఉత్త రబ్బరు ఇన్సులేటరే, కానీ నీ బెల్టుల కార్బన్ బ్లాక్, అంటే కరెంటు పోనిచ్చే మసి లాంటి నల్లపొడి, దట్టంగ కలిపి ఉంటది. కొంచెం కలిపితే రేణువులు దూరం దూరం ఉంటయి, రంగు నల్లబడుడే తప్ప కరెంటు పోదు. ఒక మోతాదు దాటినంక రేణువులు గొలుసు కడతయి, అక్కడ్నుంచి రెసిస్టెన్స్ లక్షల కోట్ల రెట్లు పడిపోవచ్చు. అవి పూర్తిగ తగలాలని కూడా లేదు, కొన్ని నానోమీటర్ల సందైతే ఎలక్ట్రాన్ దాటేస్తది, వాగుల రాయి మీంచి రాయి మీదికి దుంకినట్టు. వంచితే ఆ గొలుసులు తెగుతయి, అందుకే రీడింగ్ పెరిగింది, మళ్ల కలుసుకునేందుకు టైం పడతది.

బల్లార్‌పూర్_ఫిట్టర్: గని బెల్టుకి కావాలనే గట్ల చేస్తరు. బెల్టు రోలర్ల మీద తిరిగి తిరిగి స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) జమైతే బొగ్గు దుమ్ము, మీథేన్ ఉన్న కాడ ఒక్క స్పార్క్ చాలు. ఐఎస్ఓ 284 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం యాంటీస్టాటిక్ బెల్టు రెసిస్టెన్స్ 30 కోట్ల ఓములు దాటొద్దు, అంతకన్న ఎంత తక్కువున్నా వాళ్లకి ఓకే. మనకి కావాల్సింది దానికి పూరా ఉల్టా.

సిరోంచ_మోటార్: గింత భయమెందుకు, 40 కిలో ఓములకి ఏమైతది, కాళ్లకి చెప్పులుంటయి కదా.

నల్లపొడి: లెక్క చూడన్నా, ఒక ఫేజుకీ భూమికీ నడుమ ఉండే 230 వోల్టులకి దగ్గర దగ్గర 6 మిల్లీఆంపులు, షాక్ కొట్టనీకి చాలు. అది కూడా ప్రోబు మొనకి వచ్చిన రీడింగు, చెమట పట్టిన పాదం మొత్తం ఆనితే కాంటాక్ట్ ఎక్కువై ఇంకా తగ్గుతది. వానాకాలం తడి చెప్పుల్ని నమ్ముకుంటవా? ఇంకో మాట, మల్టీమీటర్‌ల ఓఎల్ (కొలతకి అందనంత ఎక్కువ రెసిస్టెన్స్) వచ్చినా సేఫ్ అనుకోవద్దు, అది పెట్టేదే కొద్ది వోల్టులు. ఐఎస్ 15652 (ఇన్సులేటింగ్ మ్యాట్ల భారత ప్రమాణం) గుర్తున్న మ్యాట్ తీస్కో, 415 వోల్టుల ప్యానెల్‌కి క్లాస్ ఏ సరిపోతది, 2 మి.మీ. మందం, 3.3 కేవీ దాకా పనికొస్తది. మందం చూసి మోసపోవద్దు.

రాజురా_వైండర్: 6 మిల్లీఆంపుల లెక్క చెప్తే సేటు దిగిండు, మ్యాట్ ఆర్డర్ పెట్టిండు. మరి ఈ ముక్కని పత్తి బోరాలు దించే కాడ పరుచుకోవచ్చా?

బల్లార్‌పూర్_ఫిట్టర్: పరుచుకో, దూది కాడ స్టాటిక్ జమ కాకుంటే మంచిదే. ప్యానెల్ దిక్కు మాత్రం మళ్ల రానియ్యకు.