క్యాథలిక్ స్కూల్లో సిక్స్త్ గ్రేడ్: చదువు, ఎన్‌రిచ్‌మెంట్ నిజంగా ఎలా ఉంటాయి?

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ నమస్తే అండి. మేము సదర్న్ కాలిఫోర్నియాలో ఉంటాం, లాస్ ఏంజెలెస్ ఆర్చ్‌డయోసిస్ (ఆర్చ్‌బిషప్ చూసుకునే క్యాథలిక్ చర్చి ప్రాంతం) కిందికి వచ్చే ఏరియా. పాప ఇప్పుడు ఫిఫ్త్, బాబు వచ్చే ఏడు కిండర్‌కి వెళ్తాడు. ఇంటికి పది నిమిషాల దూరంలో చర్చి పక్కనే ఒక క్యాథలిక్ స్కూల్ ఉంది, కిండర్ నుంచి ఎయిత్ దాకా, మొన్న ఓపెన్ హౌస్‌కి వెళ్లొచ్చాం. స్ట్రీమ్ ల్యాబ్, స్పానిష్, బ్యాండ్, రోబోటిక్స్, డెకాథ్లాన్ అని బ్రోషర్ నిండా ఉన్నాయి, పిల్లలు కూడా ఎదురొచ్చి చక్కగా పలకరించారు, నాకైతే చాలా నచ్చింది. మేము హిందువులం. నేను గుంటూరులో సిస్టర్స్ నడిపే స్కూల్లోనే టెన్త్ దాకా చదివా, అక్కడ క్యాథలిక్ పిల్లల్ని క్యాటికిజం అనే వాళ్ల మతబోధన క్లాసుకి పంపేసి మాకు మోరల్ సైన్స్ చెప్పేవాళ్లు, ఇక్కడా అంతేనా లేక అందరికీ రిలీజియన్ క్లాసేనా? ఇంకోటి, పాప మ్యాథ్స్‌లో బాగా ముందుంది, డబ్బు కట్టి మరీ వెనక పడేసినట్టు అవుతుందేమో అని మా ఆయన భయం. పిల్లల్ని ఇలాంటి స్కూళ్లకి పంపినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

ఏడేళ్లుగా పేరెంట్:
అక్కా, మా ఇద్దరూ ఇలాంటి స్కూల్లోనే, ఇది ఏడో ఏడు. ముందు రిలీజియన్ సంగతి చెప్తా. ఇక్కడ విడగొట్టరు, అందరికీ ఉంటుంది, మ్యాథ్స్, సైన్స్ లాగే దానికీ హోంవర్కు, టెస్టు, రిపోర్ట్ కార్డులో గ్రేడ్ అన్నీ ఉంటాయి. వారానికో రోజు పొద్దున్నే అందరూ మాస్‌కి, అంటే చర్చిలో పూజకి వెళ్తారు. కమ్యూనియన్ టైంలో, అంటే క్యాథలిక్‌లు ఫాదర్ దగ్గర దివ్యప్రసాదం తీసుకునేటప్పుడు, మన పిల్లలు చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవించి పంపిస్తారు, లేదంటే కూర్చునే ఉండొచ్చు, బలవంతం ఏమీ లేదు. మీకు అసలు పని పడేది బాబు సెకండ్ గ్రేడ్‌కి వచ్చినప్పుడు, ఎందుకంటే అది ఫస్ట్ కమ్యూనియన్‌కి తయారుచేసే ఏడాది. ఫ్రెండ్స్ అందరూ తెల్ల గౌన్లు కొనుక్కుంటుంటే మా చిన్నది నాకెప్పుడు అని అడిగింది, ఏం చెప్పాలో తెలీక ఆ రాత్రి నేనూ మా ఆయనా చాలాసేపు మాట్లాడుకున్నాం. ముందే అనుకుని పెట్టుకోండి. బ్రోషర్‌లో స్ట్రీమ్ అని ఉందన్నారు కదా, స్టెమ్‌కి (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) ఆర్ట్స్‌తో పాటు కలిపిన ఆ ఆర్ అక్షరం ఇక్కడ రిలీజియన్‌దే, అది పక్కన అతికించింది కాదు, స్కూల్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఎన్‌రిచ్‌మెంట్‌కి, అంటే మామూలు చదువు కాకుండా నేర్పే ఆర్ట్, మ్యూజిక్, క్లబ్బుల లాంటివాటికి మాత్రం బ్రోషర్ వద్దు, సిక్స్త్ గ్రేడ్ టైంటేబుల్ కాపీ ఇవ్వమని అడగండి. మా స్కూల్లో ఆర్ట్, మ్యూజిక్, పీఈ, స్పానిష్, కంప్యూటర్ ఒక్కోటి వారానికి ఒకటో రెండో పీరియడ్లు. వారానికి రెండు పీరియడ్లతో ఎవరికీ స్పానిష్ రాదు, పాటలు, అంకెలు, పలకరింపులు వస్తాయి అంతే. బ్యాండ్‌కి బయటి నుంచి టీచర్ వస్తారు, దానికి ఫీజు వేరే. రోబోటిక్స్ స్కూల్ అయ్యాక ఒక పేరెంట్ నడిపేవారు, ఆయన కొడుకు ఎయిత్ అయిపోయి వెళ్లిపోయాక రెండేళ్లు అసలు క్లబ్బే లేదు. అందుకే ప్రతిదానికీ ఇది ఎవరు నడుపుతున్నారు, ఎన్నేళ్ల నుంచి అని అడగండి. డెకాథ్లాన్ మాత్రం మంచిది అక్కా. కాలిఫోర్నియా క్యాథలిక్ స్కూళ్ల మధ్య జరిగే చదువు పోటీ అది, ఆటలది కాదు, సిక్స్త్ నుంచి ఎయిత్ పిల్లలు పదిమంది టీమ్, ఎనిమిది సబ్జెక్టులు విడివిడిగా, లాజిక్, సూపర్ క్విజ్ మాత్రం టీమ్‌గా కలిసి రాయాలి. మా పెద్దాడు ఫైన్ ఆర్ట్స్ తీసుకున్నాడు, ఆర్నెల్లు ఇంట్లో పెయింటింగులు, సంగీతం తప్ప వేరే మాట లేదు, ఏ టెక్స్ట్‌బుక్కూ వాడికి అంత ఇష్టం కలిగించలేదు. ఇంకో మాట, రాయడం. గ్రామర్, పేరాగ్రాఫ్, ఎస్సే వీళ్లు వదిలిపెట్టరు, మావాడి రాత చూసి హైస్కూల్ టీచర్ ఎక్కడ చదివావని అడిగారట.

మిడిల్ స్కూల్ టీచర్:
నేను ఇలాంటి స్కూల్లోనే మ్యాథ్స్ చెప్తానండి, మాది ప్రకాశం జిల్లా, పుట్టుకతోనే క్యాథలిక్‌ని. మన దగ్గరలా సిస్టర్స్ ఉంటారనుకుని చాలామంది తెలుగు పేరెంట్స్ వస్తారు, ఇప్పుడు టీచర్లు దాదాపు అందరూ నాలాంటి మామూలు ఉద్యోగులే. అమెరికా మొత్తం మీద క్యాథలిక్ స్కూళ్లల్లో అయిదుగురిలో ఒకరు క్యాథలిక్ కాని పిల్లలే, కాబట్టి మీ పాప ఒంటరి అవ్వదు. మీ నమ్మకాన్ని తక్కువ చేస్తారని భయపడొద్దు, 1965లో వాటికన్ కౌన్సిల్ ఇచ్చిన నోస్ట్రా ఏటాటే అనే ప్రకటనలో హిందూ మతం పేరు పెట్టి మరీ, ఇతర మతాల్లో సత్యమైన, పవిత్రమైన దేన్నీ చర్చి తోసిపుచ్చదు అని ఉంది, నా క్లాసులో దాన్ని నేను మాటల్లో కాదు ఆచరణలో పెడతాను. కానీ ఇది క్యాథలిక్ స్కూల్, రిలీజియన్ క్లాసులో చెప్పేది మా విశ్వాసమే, ఆ మాట ముందే మీకు తెలియాలి.

ఇప్పుడు మ్యాథ్స్, మీ వారి భయం న్యాయమైనదే. మా దగ్గర గ్రేడ్‌కి ఒకటే సెక్షన్, 20 మందికి పైన, అందులో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కలిసే ఉంటారు. కొన్ని స్కూళ్లు సిక్స్త్ నుంచి మ్యాథ్స్‌కి మాత్రం రెండు గ్రూపులు చేస్తాయి, కొన్ని చెయ్యవు. ఎయిత్‌లో ఆల్జీబ్రా 1 ఉందా, పోయిన ఏడు ఎంతమంది చేశారు, వాళ్లని హైస్కూల్ నేరుగా జామెట్రీలో కూర్చోబెట్టిందా, ఈ మూడూ సూటిగా అడగండి. ప్రైవేట్ స్కూల్ కాబట్టి ఇక్కడ స్టేట్ టెస్టులు ఉండవు, ఏడాదిలో రెండు మూడు సార్లు స్టార్ లేదా మ్యాప్ లాంటి టెస్టు పెడతారు, మీ పాప రిపోర్ట్ ఒక్కటే కాకుండా గ్రేడ్ మొత్తం ఏడాదిలో ఎంత ఎదిగిందో చూపించమనండి. దేశమంతటా కొందరు పిల్లలకి పెట్టి స్కూళ్ల స్థాయి చూసే న్యాప్ పరీక్షల్లో, 2022లో, ఫోర్త్‌లోనూ ఎయిత్‌లోనూ క్యాథలిక్ స్కూళ్ల సగటు పబ్లిక్ స్కూళ్ల కంటే పైనే ఉంది, స్కూళ్లు దాన్ని గట్టిగా చెప్పుకుంటాయి, అయితే ఫీజు కట్టి చేర్పించే కుటుంబాల పిల్లలు కదా, అదంతా స్కూల్ గొప్పే అనుకోకండి.

ఎన్‌రోల్‌మెంట్ కూడా అడగండి. 1960ల మొదట్లో దేశంలో 50 లక్షలకు పైగా పిల్లలు క్యాథలిక్ స్కూళ్లల్లో ఉండేవాళ్లు, ఇప్పుడు 17 లక్షల దగ్గర ఉన్నారు. పిల్లలు తగ్గితే ముందు పోయేది స్పానిష్ టీచరూ మ్యూజిక్ టీచరే, తర్వాత రెండు గ్రేడ్లు కలిపేస్తారు. నాకు ఈ స్కూళ్లంటే ప్రాణం, అందుకే ఇంత చెప్తున్నా.

వరంగల్ నాన్న:
మేం మా బాబుని థర్డ్ గ్రేడ్‌ల చేర్పించి ఫిఫ్త్‌ల తీసేసినం. టీచర్లు మంచోళ్లే, వాళ్లని ఏమనను. బాబుకి డిస్లెక్సియా. పబ్లిక్ స్కూల్ల ఐఈపీ, అంటే బాబుకి ఏ సాయం ఇయ్యాల్నో రాసిన ప్లాన్ ఉండె, చట్టప్రకారం వాళ్లు ఇయ్యాల్సిందే, ప్రైవేట్‌కి మారినంక ఆ హక్కు ఉండదు, పబ్లిక్ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి సర్వీస్ ప్లాన్ అని వారానికి కొంచెం టైం మాత్రం దొరికింది. ఆ సంగతి చేరినంక తెలిసింది మాకు, రెండేళ్లు పోయినయ్. మీ పిల్లలకి స్పీచ్ గానీ రీడింగ్ గానీ ఏదన్న హెల్ప్ నడుస్తుంటే, మారకముందే డిస్ట్రిక్ట్ ఆఫీసుల అడుగున్రి, స్కూల్ చెప్పిన మాట మీద పోకున్రి.

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి. వరంగల్ అన్నగారూ, మీరు చెప్పింది చదివి గుండె ఆగినంత పనైంది, బాబుకి ఇప్పుడు స్పీచ్ థెరపీ డిస్ట్రిక్ట్ వాళ్లే ఇస్తున్నారు, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తా. టీచర్ గారూ, ఆ మ్యాథ్స్ ప్రశ్నలు ఈమెయిల్ పెట్టా, సిక్స్త్‌లో గ్రూపులు చేస్తారట, ఎయిత్‌లో పోయిన ఏడు ఏడుగురు ఆల్జీబ్రా చేశారట. పాపకి షాడో డే కూడా ఇచ్చారు, ఒక రోజంతా క్లాసులో కూర్చోవచ్చు.

మిడిల్ స్కూల్ టీచర్:
షాడో డే మాస్ ఉన్న రోజే ఇవ్వమని అడగండమ్మా. ఆ రోజు సాయంత్రం మీరేమీ అడక్కండి, పాపనే చెప్పనివ్వండి.