ఆరో తరగతికి పూర్తి ఆన్‌లైన్ పబ్లిక్ స్కూల్: ఒహాయోలో వేసినవాళ్లు చెప్పండి

కొలంబస్ అమ్మ:
మా అబ్బాయి ఐదో తరగతి. ఆగస్టు నుంచి మిడిల్ స్కూల్. ఈ ఏడాదంతా బస్సులో ఇద్దరు పిల్లలు వాడి పేరు పట్టుకుని వెక్కిరిస్తున్నారు. స్కూల్‌కి వెళ్లి రెండుసార్లు మాట్లాడాం. పది రోజులు ఆగుతుంది, మళ్లీ మొదలు. పొద్దున లేవగానే కడుపునొప్పి అంటాడు. శనివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ఆన్‌లైన్ పబ్లిక్ స్కూల్‌లో వేద్దామని నేను, వద్దని మావారు. ఖర్చు ప్రభుత్వానిదే కాబట్టి ఫీజు లేదు, లైసెన్సున్న టీచర్లే చెబుతారు, నాదేమో ఇంటి నుంచి ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మేసన్ నాన్న:
వద్దమ్మా. మన రాష్ట్రంలోనే ఈకాట్ అని పెద్ద ఆన్‌లైన్ స్కూల్ ఉండేది. 2000లో మొదలై 2018 జనవరిలో, చదువుల మధ్యలో మూతపడింది. సుమారు 12,000 మంది పిల్లలు రాత్రికి రాత్రి వేరే బడి వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్లలు నిజంగా ఎన్ని గంటలు చదివారో ఆ స్కూల్ రుజువు చూపలేకపోయింది. రెండేళ్ల లెక్క తేల్చి, దాదాపు 8 కోట్ల డాలర్లు వెనక్కి కట్టమని రాష్ట్రం అడిగింది. దేశం మొత్తం మీద చూసినా ఇదే తీరు. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో సంస్థ 2015లో ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ డబ్బుతో, వేరే సంస్థలు నడిపే బడులు) పిల్లల్ని, మామూలు బడుల్లో చదివే అలాంటి పిల్లలతోనే పోల్చింది. చదవడంలో 72 రోజులు, లెక్కల్లో 180 రోజులు వెనకబడ్డారని తేలింది. బడి సంవత్సరమే 180 రోజులు కదా! లెక్కల్లో ఏడాదంతా పోయినట్టే.

డబ్లిన్ వదిన:
అన్నయ్యా, ఆ లెక్కలు నేనూ చదివాను. కానీ ఈ బడులకి ఎవరొస్తారు? వేధింపులో, అనారోగ్యమో, చదువులో దెబ్బ తినో, ఏదో ఒకటి అయ్యాకే చాలామంది వస్తారు. ఆ భారం ఏ లెక్కలోనూ పూర్తిగా కనపడదు. పైగా ఒక స్కూల్ మోసం చేసిందని అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

మా పాపని నాలుగు, ఐదు తరగతులు అలాగే చదివించాను. అందులో తల్లిదండ్రుల్ని లెర్నింగ్ కోచ్ అంటారు. పేరు చిన్నదే, పని మాత్రం రోజుకి మూడు నాలుగు గంటలు. అటెండెన్స్ నమోదు చేయాలి, పాఠం పూర్తయిందో లేదో చూడాలి, అర్థం కాకపోతే కూర్చుని చెప్పాలి. మొదటి ఏడాది మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా పాప పక్కన కుర్చీ వేసుకుని, బత్తాయి తొనలు వలిచి పెడుతూ, అది లేవకుండా చూసుకునేవారు. పాప పాఠం విని తెలుగులో ఆవిడకి చెప్పేది. అంత బాగా అది ఎప్పుడూ చదవలేదు. ఆరు నెలలు నిండాక ఆవిడ హైదరాబాద్ వెళ్లిపోయారు. నెల తిరక్కుండానే అసైన్‌మెంట్లు పేరుకుపోయాయి. ఒకరోజు మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి చూస్తే లైవ్ క్లాస్ నడుస్తోంది. తెర మీద దాని పేరున్న నల్ల గడి, కెమెరా ఆఫ్. పాప బల్ల కింద దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తప్పు దానిది కాదు. ఇంటి నుంచి ఉద్యోగం అంటే ఇంట్లో ఉన్నట్టు కాదు. ముందు ఆ ఒక్కటీ తేల్చుకోండి అక్కా.

మేసన్ నాన్న:
నేను చెప్పేదీ అదే. పైగా పన్నెండేళ్ల పిల్లాడు రోజంతా గదిలో ఒంటరిగా ఉంటే స్నేహితులు ఎక్కడ దొరుకుతారు?

డబ్లిన్ వదిన:
బస్సులో ఇప్పుడు దొరుకుతున్నది స్నేహమా అన్నయ్యా? పొద్దున్నే కడుపునొప్పితో వెళ్లే పిల్లాడికి లెక్కలు మాత్రం ఎక్కుతాయా? మా పాపకి ఆదివారం మనబడిలో తెలుగు క్లాసు, వారానికి రెండు రోజులు ఈత. వాటిల్లోనే ఇద్దరు మంచి స్నేహితులు దొరికారు, ఇప్పటికీ ఉన్నారు.

ఆన్‌లైన్ టీచర్:
నేను ఒహాయోలో ఇలాంటి స్కూల్‌లోనే పాఠం చెబుతున్నాను. రెండు విషయాలు చెప్పాలి. ఇది హోమ్‌స్కూలింగ్ కాదు. సిలబస్ మీ ఇష్టం కాదు, ఏడాదికి కనీసం 920 గంటలు లెక్క చూపాలి, కారణం లేకుండా వరసగా 72 గంటల పాఠాలు మానేస్తే పేరు తీసేస్తారు. రాష్ట్ర పరీక్షలు కూడా రాయాలి. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి బడి రాసిచ్చే చదువు ప్రణాళిక) ఉన్న పిల్లలకి ఆ హక్కులు ఇక్కడా ఉంటాయి. నా దగ్గర బాగా చదివే పిల్లల ఇళ్లల్లో ఎవరో ఒక పెద్దవాళ్లు మాట వినపడే దూరంలో ఉంటారు. కెమెరా ఆన్ చేయగానే అది తెలిసిపోతుంది.

ఇక రెండోది. మీరు మాట్లాడామన్నారు, రాసి ఇచ్చారా? ఒహాయో చట్టం ప్రకారం ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ బడుల్ని నడిపే సంస్థ) వేధింపుల మీద రాతపూర్వక విధానం ఉండాలి. నోటితో చెప్పింది గాలిలో కలిసిపోతుంది. తేదీ, బస్ నంబరు, అన్న మాటలు, అన్నీ రాసి ఈమెయిల్ చేయండి. బడి మార్చాల్సింది మీ పిల్లాడేనా అన్నది ఆ తర్వాత ఆలోచించండి.

కొలంబస్ అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. మేం రాసి ఇవ్వలేదు, ఇవ్వాలని తెలియదు. నిన్న రాత్రి వాణ్ణే కూర్చోబెట్టి అడిగాం. "ఇంట్లో అయితే నీకు మీటింగులు ఉంటాయిగా అమ్మా, నేను ఒక్కణ్ణే కదా" అన్నాడు. నాకు మాట రాలేదు. ఇవాళ పొద్దున ఈమెయిల్ పంపాను, బస్సు మార్చమని కూడా అడిగాను. సమాధానం వచ్చేదాకా మావారు కారులో దింపుతారు. ఆన్‌లైన్ దరఖాస్తు మాత్రం మూసేయలేదు, సగం నింపి ఉంచాను. టీచర్ గారూ, వాళ్లు వారంలోగా జవాబు ఇవ్వకపోతే తర్వాత ఎవరికి రాయాలి?

ఆన్‌లైన్ టీచర్:
డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి. మొదటి ఈమెయిల్ కూడా దానికే జతచేయండి. అబ్బాయి కడుపునొప్పి సంగతి డాక్టర్‌కి కూడా చూపించి, ఆయన రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి.